నిర్ణయం ఎవరిది? కోర్టులు ఏమన్నాయి.. మీకు ఏ కొలువులున్నాయి!

మతిమరుపు ముదిరిన పెద్దలు, మానసిక వ్యాధితో ఉన్నవారు, మేధో వైకల్యంతో పుట్టి పెద్దవారైనవారు.. వీళ్లు ఎక్కడ ఉండాలి? ఎవరు చూసుకోవాలి? వాళ్ల బదులు సంతకం ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నలు కోర్టులకు తరచూ వస్తున్నాయి. లా, సోషల్ వర్క్, సైకాలజీ, నర్సింగ్ చదివేవారికి ఇది సిలబస్‌లో పాఠం, బయట ఉద్యోగం. మిగతావారికి ఏదో ఒక రోజు ఇంట్లోనే ఎదురయ్యే పరీక్ష.

ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మీరొక్కరే అయితే కాగితాల పనులన్నీ మీ చేతికే వస్తాయి. తాతయ్య బ్యాంకు కేవైసీ, మామ్మ పింఛను, అన్నయ్య సదరం సర్టిఫికెట్.. అన్నీ మీరే చూసుకుంటారు. ఒకరోజు బాబాయి వచ్చి ‘మామ్మకి ఇప్పుడేం గుర్తుండట్లేదు కదా, ఈ దస్తావేజు మీద వేలిముద్ర వేయించెయ్, సాక్షి సంతకం నువ్వే పెట్టు’ అంటాడనుకోండి. ఏం చేస్తారు? పెద్దాయన మాట కాదనలేక పెట్టేస్తారా? మామ్మకు అర్థమవుతోందో లేదో ఎలా తెలుసుకుంటారు?

దీనికి చట్టంలో సమాధానం ఉంది. ముందు మన జిల్లాతో ముడిపడిన ఒక కేసు చూద్దాం.

నర్సీపట్నం డాక్టర్ కేసు

2020 కరోనా మొదటి వేవ్. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో డాక్టర్ సుధాకర్ మత్తు వైద్యుడు. ఎన్‌95 మాస్కులు సరిపడా లేవని ఏప్రిల్‌లో బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న విశాఖలో రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన వీడియో దేశమంతా తిరిగింది. మద్యం మత్తులో గొడవ చేశారన్నది పోలీసుల మాట. కేజీహెచ్‌కు, అక్కడి నుంచి విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు.

ఆ వీడియోతో పాటు అందిన లేఖను హైకోర్టు పిటిషన్‌గా స్వీకరించి మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. మరోవైపు ఆయన తల్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. మనిషిని అక్రమంగా నిర్బంధించారన్న అనుమానం ఉన్నప్పుడు వేసే పిటిషన్ ఇది. జూన్ 5న హైకోర్టు, ఆయన ఆస్పత్రి నుంచి బయటకు వెళ్లవచ్చని, సీబీఐకి సహకరించాలని చెప్పింది. మరుసటి ఏడాది మే 21న ఆయన గుండెపోటుతో మరణించారు.

రాజకీయంగా ఈ కేసు మీద ఎవరి వాదన వారిది. మీరు పట్టుకోవాల్సింది న్యాయసూత్రం. ఒక మనిషికి జబ్బు ఉందా లేదా అన్నది డాక్టర్లు తేల్చే విషయం. ఆ మనిషిని ఇష్టం లేకుండా ఒకచోట ఉంచవచ్చా అన్నది చట్టం తేల్చే విషయం. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి ‘అవును’ అన్నంత మాత్రాన రెండోదానికి ‘అవును’ అయిపోదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఈ విషయంలో లెక్కలు పక్కాగా రాసింది. మానసిక వ్యాధి వల్ల ప్రమాదంలో ఉన్నట్టు కనిపించిన వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే, కారణం చెప్పాలి, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లాకప్‌లో పెట్టకూడదు. మేజిస్ట్రేట్ పరీక్షల కోసం ఆస్పత్రిలో ఉంచమన్నా అది 10 రోజులు దాటకూడదు. సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉన్నవారిని 89వ సెక్షన్ కింద చేర్చుకోవాలంటే, ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించాలి. గడువు 30 రోజులు. ఆ తర్వాత కొనసాగించాలంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఆమోదం కావాలి.

‘మతి లేదు’ అనడానికి కొలత ఏంటి?

మన ఊళ్లలో ‘ఆయనకి బుర్ర సరిగా లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. చట్టం అలా ఒప్పుకోదు. 2017 చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం చికిత్స గురించి నిర్ణయించుకునే సామర్థ్యం ఉందో లేదో చూడటానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. చెప్పిన సమాచారం అర్థమవుతోందా? ఆ వ్యక్తికి తెలిసిన భాషలో, అవసరమైతే బొమ్మలతో, సైగలతో చెప్పాలి.
2. ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్నది గ్రహించగలుగుతున్నారా?
3. తన నిర్ణయాన్ని మాటతోనో, సైగతోనో, మరో విధంగానో తెలపగలుగుతున్నారా?

అసలు కీలకం ఇంకోటుంది. ఆ నిర్ణయం మనకు తప్పుగా అనిపించినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనకూడదు. చోడవరంలో సొంత పెంకుటిల్లు వదిలి విశాఖలో కొడుకు ఫ్లాటుకు రానని 78 ఏళ్ల తండ్రి మొండికేశాడనుకోండి. అది మొండితనం కావచ్చు, తెలివితక్కువతనమూ కావచ్చు. మతిలేనితనం మాత్రం కాదు. పాతికేళ్ల మనం రోజుకు పది తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాం, మనల్ని ఎవరూ బోర్డు ముందు నిలబెట్టరు కదా!

ఇంకో మాట. మానసిక వ్యాధి ఉందని డాక్టరు రాసిచ్చినంత మాత్రాన చట్టం దృష్టిలో ఆ వ్యక్తి ‘మతిస్థిమితం లేనివాడు’ అయిపోడు. ఆ ముద్ర వేసే అధికారం తగిన కోర్టుకే ఉంది.

ఇక మామ్మ వేలిముద్ర సంగతి. ఇక్కడ పనికొచ్చేది భారత కాంట్రాక్టు చట్టం 1872. అందులోని 12వ సెక్షన్ ‘ఆ సమయానికి’ అన్నమాట మీద నిలబడి ఉంది. ఒప్పందం చేసుకునే సమయానికి ఆ మనిషికి విషయం అర్థమై, తనకు లాభమో నష్టమో ఆలోచించుకోగలగాలి. ఎక్కువ రోజులు మతిస్థిమితం లేకపోయినా, బాగున్న సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది. ఎప్పుడూ బాగుండే మనిషైనా ఆ సమయానికి స్పృహ సరిగా లేకపోతే చెల్లదు. కాబట్టి మామ్మతో విడిగా కూర్చోండి. ‘ఇది ఏ కాగితం మామ్మా? దీంతో ఏ పొలం ఎవరికి వెళ్తుంది? నీకేం మిగులుతుంది?’ అని ఆమె మాటల్లోనే చెప్పించండి. చెప్పలేకపోతే సాక్షి సంతకం పెట్టొద్దు. రేపు కోర్టులో బోనెక్కేది బాబాయి ఒక్కడే కాదు, సాక్షిగా మీరు కూడా.

సుప్రీంకోర్టు గీసిన గీతలు

లాసెట్ రాసినా, గ్రూప్స్ ఇంటర్వ్యూకు వెళ్లినా, ఎంఎస్‌డబ్ల్యూ వైవాలో కూర్చున్నా ఈ కేసులు పనికొస్తాయి. పేరు, సంవత్సరం కంటే కోర్టు ఏం చెప్పిందో గుర్తుంచుకోండి.

సుచితా శ్రీవాస్తవ కేసు (2009): చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న ఓ యువతికి స్వల్ప మేధో వైకల్యం. అత్యాచారం వల్ల గర్భం దాల్చింది. బిడ్డ కావాలని ఆమె అంటోంది. గర్భం తీసేయాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. మానసిక వ్యాధి వేరు, మేధో వైకల్యం వేరు. ఆమె సమ్మతి లేకుండా గర్భం తీయడానికి వీల్లేదని తేల్చింది. ‘నీ మంచి కోసమే’ అనే మాట ఆమె ఇష్టాన్ని తుడిచేయలేదన్నది ఈ తీర్పు సారం.

గౌరవ్ కుమార్ బన్సల్ కేసు: దీనికి ముందు ఒక విషాదం తెలుసుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు గృహంలో మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది పారిపోలేక చనిపోయారు. ఇప్పుడు 2017 చట్టం ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. అయినా ఉత్తరప్రదేశ్‌లోని బదాయూలో గొలుసులు వేశారన్న ఫిర్యాదు 2019లో సుప్రీంకోర్టుకు వచ్చింది. ఇది ఆ వ్యక్తుల గౌరవానికే విరుద్ధమని కోర్టు చెప్పింది. నయమైనవారిని మహారాష్ట్రలో బిచ్చగాళ్ల ఆశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు పంపిస్తున్నారని తెలిసి, 2021లో దాన్ని ఆపమంది.

రవీందర్ కుమార్ ధరివాల్ కేసు (2021): ఉద్యోగార్థులు తప్పక తెలుసుకోవాల్సింది ఇదే. సీఆర్‌పీఎఫ్ అధికారి ఒకరు మానసిక వ్యాధితో బాధపడుతుండగా ఆయనపై క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. వ్యాధి ప్రభావం ఉన్న ప్రవర్తన మీద మామూలు ఉద్యోగి మీద తీసుకున్నట్టే చర్యలు తీసుకోవడం పరోక్ష వివక్ష అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. మందులు వాడుతున్నామని తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని దాచుకునే ఎంతోమందికి ఈ తీర్పు ఒక ఊతం.

ఎక్కడ ఉండాలి?

నయమైంది, డాక్టరు పంపించేయవచ్చన్నారు, ఇంటివాళ్లు తీసుకెళ్లరు. అప్పుడేంటి? కుటుంబం వద్దందనో, ఇల్లు లేదనో ఒక మనిషిని ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 2017 చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. సమాజంలో బతికే హక్కు వారికి ఉంది. ఇందుకు తగిన గ్రూప్ హోమ్‌లు, హాఫ్‌వే హోమ్‌లు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి. చట్టంలో ఇలా ఉన్నా, క్షేత్రంలో అవి కావలసినన్ని లేవు. ఇలాంటి కేసులు మళ్లీ మళ్లీ కోర్టుకెక్కడానికి ఒక కారణం ఇదే.

వయసు మళ్లినవారి విషయంలో వేరే చట్టం ఉంది: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007. దీని కింద ట్రైబ్యునల్ నడిపేది ఆర్డీవో. అంటే అనకాపల్లి, నర్సీపట్నం డివిజన్లవారు సుదూరాన ఉన్న కోర్టులకు తిరగక్కర్లేదు. ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉందని చూపించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, పెద్దలకు మేలు చేసేలా చట్టాన్ని చూడాలని, ట్రైబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి తిరిగి అప్పగించమని కూడా ఆదేశించవచ్చని స్పష్టం చేసింది.

దీనికి రెండో వైపూ ఉంది. కోడలిని బయటకు నెట్టడానికి అత్తమామల పేరుతో ఈ చట్టాన్ని వాడితే? 2020 డిసెంబరులో ఎస్.వనిత కేసులో సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు కోడలికి ఉంటే, వృద్ధుల చట్టం దాన్ని ఊరికే మింగేయలేదంది. బలహీనులు ఇద్దరున్నప్పుడు ఒకరి కోసం మరొకరిని రోడ్డున పడేయకూడదన్నమాట. గ్రూప్ డిస్కషన్‌లో ఈ అంశం వస్తే రెండు వైపులా మాట్లాడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గార్డియన్ అంటే ఎవరు?

‘కన్నవాళ్లం, మేమే గార్డియన్లం’ అనుకుంటారు చాలామంది. 18 ఏళ్లు దాటాక ఆ మాట చట్టం ముందు దానంతటదే నిలవదు. పరిస్థితిని బట్టి దారి మారుతుంది.

- ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం: నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. కమిటీలో కలెక్టర్ హోదా అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యమున్న వ్యక్తి ఉంటారు. గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి.
- ఇతర వైకల్యాలు: వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 14వ సెక్షన్ కింద ‘పరిమిత గార్డియన్’. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే. అదీ ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా, ఇద్దరూ కలిసి నిర్ణయించేలా ఉండాలి.
- కోమాలో ఉన్నవారు: ప్రత్యేక చట్టం లేదు. 2019లో కేరళ హైకోర్టు శోభా గోపాలకృష్ణన్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికెళ్లి చూడాలి, గార్డియన్ ఆరు నెలలకోసారి కోర్టుకు నివేదిక ఇవ్వాలి.

తేడా గమనించారా? పాత ఆలోచన ‘ఆయన బదులు నేను నిర్ణయిస్తా’. కొత్త ఆలోచన ‘ఆయన నిర్ణయించుకోవడానికి నేను సాయపడతా’. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని 2007లో భారత్ ఆమోదించింది. 2016, 2017 చట్టాలు దాని నుంచి వచ్చినవే.

ఇంగ్లండ్‌లో దీనికోసం ‘కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్’ అని ప్రత్యేక కోర్టే ఉంది. మెంటల్ కెపాసిటీ చట్టం 2005 ప్రకారం నడుస్తుంది. 2014లో అక్కడి సుప్రీంకోర్టు చెషైర్ వెస్ట్ కేసులో, ఎంత బాగా చూసుకుంటున్నా నిత్యం నిఘాలో ఉంచి బయటకు వెళ్లనీయకపోతే అది స్వేచ్ఛను హరించడమేనంది. పంజరం బంగారందైనా పంజరమే కదా. చదువుకోవడానికి అక్కడికి వెళ్లి కేర్ హోముల్లో పార్ట్‌టైమ్ చేసే మన పిల్లలు ఈ చట్టం గురించి కాస్త తెలుసుకుని వెళ్తే పనిలో తడబడరు.

మరి ఉద్యోగాలు?

లాయర్: డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏపీ లాసెట్ రాయాలి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకైతే క్లాట్ ద్వారా మన జిల్లాలోనే సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. మేధో వైకల్యం ఉన్నవారి ప్రభుత్వ గృహాలను పరిశీలించే పనిని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. అంటే లా విద్యార్థులకు ఇది చదివి వదిలేసే అంశం కాదు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్: 2017 చట్టం ప్రకారం ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. ఆపై చదువుకు బెంగళూరు నిమ్హాన్స్ పేరున్న సంస్థ. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఈ పోస్టులుంటాయి. చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలో భర్తీ చేస్తారని తెలిసే సిద్ధమవ్వండి.

క్లినికల్ సైకాలజిస్ట్: ఎంఏ సైకాలజీ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేయాలి. కోర్సుల తీరు మారుతోంది కాబట్టి చేరే ముందు కౌన్సిల్ జాబితాలో ఆ సంస్థ పేరుందో లేదో చూసుకోండి. ఫీజు కట్టాక చూస్తే లాభం లేదు.

కౌన్సెలర్: విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను నియమించుకోవాలంది. మీ కాలేజీలో ఉన్నారా? ఒకసారి అడిగి చూడండి. అది మీ హక్కు, మీలో కొందరికి అదే కొలువు.

స్పెషల్ ఎడ్యుకేటర్: మేధో వైకల్యమున్న పిల్లలకు, పెద్దలకు సొంతంగా బతకడం నేర్పే పని. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ.

పారాలీగల్ వలంటీర్: న్యాయ సేవాధికార సంస్థ ఎంపిక చేసి శిక్షణ ఇస్తుంది. జీతం కాదు, గౌరవ వేతనమే. కానీ లాలో, సోషల్ వర్క్‌లో సీటు రాకముందే క్షేత్ర అనుభవం దొరికే దారి ఇది. వైకల్యం ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆ మాట తెలియని ఇల్లు మీ వీధిలోనే ఉండొచ్చు.

ఈ రంగం అందరికీ సరిపడదు. మొదట్లో జీతం తక్కువ. పని గంటలు ఒక లెక్కలో ఉండవు. చెప్పిందే పదిసార్లు చెప్పే మనిషి మాట పదకొండోసారీ ఓపిగ్గా వినాలి. ఆ ఓపిక ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక వేసవి సెలవుల్లో ఏదైనా ప్రత్యేక పాఠశాలలోనో, వృద్ధాశ్రమంలోనో రెండు వారాలు పనిచేసి చూడండి. రెజ్యుమెలో రాసుకోవడానికీ పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో అడిగితే..

మానసిక వ్యాధి ఉంటే సామర్థ్యం లేనట్టేనా? కాదు. సామర్థ్యాన్ని నిర్ణయాన్ని బట్టి, ఆ సమయాన్ని బట్టి చూడాలి.

ముందస్తు సూచన పత్రం అంటే? రేపు జబ్బు చేస్తే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో మేజర్ అయిన ఎవరైనా ముందే రాసుకోవచ్చు. 2017 చట్టం 5వ సెక్షన్. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని కూడా ఎంచుకోవచ్చు.

ఆత్మహత్యాయత్నం చేసినవారిని ఏం చేయాలి? తీవ్ర ఒత్తిడిలో చేశారనే చట్టం భావిస్తుంది. కావాల్సింది శిక్ష కాదు, సంరక్షణ, చికిత్స.

ఫోన్‌లో సేవ్ చేసుకోండి

ఉచిత న్యాయ సహాయం: 15100
టెలిమానస్, మానసిక ఆరోగ్య సాయం: 14416
వయోవృద్ధుల హెల్ప్‌లైన్: 14567

ఈ మూడు నంబర్లూ మీకోసమే కాదు. మందు వేసుకోవడానికి నిరాకరిస్తున్న పక్కింటాయన కోసం, ఇల్లు రాసిచ్చి అరుగు మీద మిగిలిపోయిన పెద్దావిడ కోసం కూడా. ముందు వాళ్లు ఏం కావాలంటున్నారో అడగండి. ఆ తర్వాతే ఫోన్ తీయండి.